వాసన, వాసనలు

ఇంగువ కట్టిన గుడ్డను ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదంటారు. ముక్కుకు తగిలేదీ వాసనే, జన్మజన్మల నుంచి మనసుకు అంటి వచ్చేదీ వాసనే. రెంటికీ ఒకే మాట ఎందుకు?

ముందు ముక్కుకు తగిలే వాసన సంగతి. తైత్తిరీయోపనిషత్తు సృష్టికి ఆకాశం, వాయువు, అగ్ని, జలం, పృథివి అని వరస చెప్పింది. గంధం పృథివి గుణం గనుక ఈ సృష్టిక్రమంలో చివరిది. జీవశాస్త్రం చూస్తే తిరగేసి చెబుతుంది: కళ్లూ చెవులూ ఏర్పడకముందే ఏకకణ జీవి నీటిలో కరిగిన రసాయనాన్ని పసిగట్టి మేత వైపు కదిలింది. ఇందులో విరోధం లేదు. ఉపనిషత్తు తత్త్వం దిగివచ్చిన మెట్లు లెక్కపెట్టింది; జీవశాస్త్రం జీవి ఎక్కిన మెట్లు లెక్కపెట్టింది. దిగేటప్పటి ఆఖరి మెట్టే ఎక్కేటప్పటి మొదటి మెట్టు.

వాసనను పట్టే గ్రాహకాల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వెలికితీశారు. 2004లో నోబెల్ అందుకున్నారు. ఇవి ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2000, ఎలుకలో 1000 పైచిలుకు, మనిషిలో సుమారు 400. మరో 600 దాకా మనలో ఉన్నా పనిచెయ్యవు. రూపం మిగిలింది, మొలకెత్తే శక్తి పోయింది. జ్ఞాని వాసనలకు వేదాంతులు చెప్పే పోలిక గుర్తొస్తుంది: వేయించిన గింజ. ఈ జన్యువులను కాలం వేయించింది. మనసుకు అంటిన వాసనలను జ్ఞానాగ్నే వేయించాలి.

మిగిలిన 400 తక్కువవేం కాదు. తొలకరి మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది. పైగా చూపూ వినికిడీ మెదడులో థాలమస్ అనే ద్వారపాలకుడి దగ్గర ఆగి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండానే భావాలూ జ్ఞాపకాలూ ఉండే చోటికి చేరుతుంది. కర్పూరమని పోల్చుకునేలోపే చిన్ననాటి గుడి కళ్లముందు నిలుస్తుంది. లోపలి వాసనలదీ ఇదే తీరు. కోపం లేచాకే కోపమొచ్చిందని తెలుస్తుంది. వివేకం గుమ్మం దగ్గరికొచ్చేసరికి వాసన నట్టింట్లో కూర్చుని ఉంటుంది.

అలాగని పెద్దలు ముక్కు మూసుకోమనలేదు. పంచోపచార పూజలో పృథివికి గుర్తుగా గంధాన్నే సమర్పించమన్నారు. పూజకు కోసిన పువ్వును వాసన చూడొద్దన్నారు. ఎంగిలవుతుందనే అనుకుంటాం. కానీ యుగయుగాలుగా మేత వైపూ జోడు వైపూ లాగిన ఇంద్రియం, ఒక్క క్షణం తన కోసం వాసన పీల్చకుండా ఆగడమే అందులోని సాధన. రేపు పువ్వు కోసేటప్పుడు ఆ క్షణాన్ని గమనించండి. గింజ వేగడం అక్కడే మొదలవుతుంది.