ప్రాయశ్చిత్తమున కెవ్వరి ధనము?

దెందులూరికి చేరువనున్న పెదవేగి నేడు ఆయిల్‌పామ్ తోటల నడుమ నొక మామూలు గ్రామముగ గనబడినను, ఒకప్పుడది శాలంకాయనులకును, పిదప తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగీనగరము. దానిని 9వ శతాబ్ది పూర్వార్ధమున నేలిన రెండవ విజయాదిత్యుడు, నరేంద్రమృగరాజను బిరుదుచే ప్రసిద్ధుడు, 12 ఏండ్లపాటు రాత్రింబవళ్లు రాష్ట్రకూట గాంగ సేనలతో 108 యుద్ధములు చేసెననియు, అన్ని యుద్ధములకు అన్ని శివాలయములు కట్టించెననియు ఆతని వంశజుల తామ్రశాసనములు చెప్పుచున్నవి. శాసనకవుల సంఖ్యలను యథాతథముగ నమ్మ బనిలేదు. 108 అనునది జపమాలలోని సంఖ్య గాని సేనాపతి లెక్కలోని సంఖ్య గాదు. అయినను యుద్ధమును గుడిని ఒక్క తూకమున నుంచిన ఆ భావము విచారింపదగినది. గెలిచినవాడు జయస్తంభము నాటుట లోకసహజము. ఈతడు దేవుని నిలిపినాడు. శత్రుపక్షమున తన తమ్ముడైన భీమసళ్కి యుండుటయు ఇందుకొక కారణము కావచ్చును. చరిత్రకారులు దీనిని ప్రాయశ్చిత్తముగ గ్రహించిరి. అది నిజమైనచో, న్యాయమైన పోరు సైతము గెలిచినవాని మెడకొక ఋణమును చుట్టి విడుచునని ఆ రాజెఱిగియుండెననుట స్పష్టము.

అయితే ఆ ప్రాయశ్చిత్తమునకైన ద్రవ్య మెక్కడిది? 12 ఏండ్లు గుఱ్ఱములకు దాణా పెట్టినదియు, తుదకు గుళ్లకు రాళ్లు మోయించినదియు ఒక్క బొక్కసమే. ఆ బొక్కసమును నింపినది వేంగిదేశపు కాపుల పంటలోని రాజభాగము. పాపము రాజుది, ప్రాయశ్చిత్తవ్యయము కాపుది. నాటి దేవాలయము కేవలము పూజాస్థానము గాదనియు, దానిని బట్టి చెరువులు, సత్రములు, విద్యాదానము వర్ధిల్లెననియు, శిల్పులకును కూలివాండ్రకును జీవిక లభించెననియు ఎవరైన ననవచ్చును. నిజమే. కాని చెరువు త్రవ్వించుటకు ముందొక యుద్ధము జరిగి తీరవలెనా?

ఈ విషయమును మహాభారత మింతకంటె సూక్ష్మముగ విచారించినది. కురుక్షేత్రము ముగిసి రాజ్యము చేతికి వచ్చిన ధర్మరాజు మనశ్శాంతిని గోల్పోయి యుండగా, పాపపరిహారార్థ మశ్వమేధము చేయుమని వ్యాసుడు చెప్పెను. అప్పుడాతనిని మొదట బాధించినది ధనచింత: యుద్ధముచే భూమి వట్టిపోయినది, తండ్రులను పోగొట్టుకొన్న రాజకుమారులు బాలురు, దీనులు, పుండు మానని వారిని మరల ధన మిండని యెట్లడుగుదును? ఈ సంకోచమును జూచియే, పూర్వము మరుత్తుడను రాజు యజ్ఞశేషముగ హిమాలయమున విడిచిన బంగారమును వ్యాసుడు చూపెను. పరాజితులకు బన్ను వేసి పాపము కడుగుకొనుటకు ఒప్పని ఆ సంకోచమే, నా దృష్టిలో, యజ్ఞముకంటె గొప్పది. కవి యింతటితో ఊరకుండక, యజ్ఞాంతమున సగము మేను బంగారమైన ముంగిస నొకదానిని రప్పించి, కఱవునాడు తాను పస్తుండి యతిథికి పేలపిండి పెట్టిన బీదబ్రాహ్మణుని దానమునకు ఈ మహాయజ్ఞము సరిరాదని దానిచే బలికించెను. ఎవ్వరినీ పీడింపక తెచ్చిన బంగారమునకే ఆ గతి పట్టినప్పుడు, పన్నుగ రాబట్టిన దానిమాట వేఱుగ జెప్పనేల?

ఇందుచే రాజ్యమునకు సేనయే వలదనుట నా యభిప్రాయము గాదు. 634వ సంవత్సరపు ఐహోళె శాసనమున రవికీర్తి, తన ప్రభువైన రెండవ పులకేశి దండెత్తి వచ్చినప్పుడు కునాలజలము, అనగా పండితులు మన కొల్లేరని గుర్తించిన సరస్సునీరు, హతుల నెత్తుటితో రంగు మారెనని గర్వముతో వర్ణించినాడు. కాపాడువారు ఓడినచోట నీటికైన భద్రత లేదు. దండనీతిని కౌటిల్యునికంటె నెఱిగినవారు మనలో లేరు గదా. ఆతడు రాజ్యాంగములను స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అను క్రమమున నిలిపి, ముందున్న యంగమునకు గల్గిన విపత్తు వెనుకదానికి గల్గినదానికంటె గురుతరమని నిర్ణయించెను. జనపదము మూడవది, సేన యాఱవది. శాంతికాముకుడని యెవ్వరును నిందింపని వాడు చెప్పిన మాట యిది.

వరుస తప్పినపుడు ఏమగునో తెలియుటకు ప్రాచీనగాథలు అక్కఱలేదు. 1833 నాటి కఱవులో ఈ తీరమున జనులు అసంఖ్యాకముగ మడిసిరి; ధవళేశ్వరమున గోదావరి ఆనకట్టపని మొదలిడుటకు కుంఫిణీవారికి 1847 వఱకు తీరిక చిక్కలేదు, ఈలోపల అఫ్గనుదేశమున నొక యుద్ధమునకును పంజాబున మఱియొకదానికిని మాత్రము చిక్కినది. ఆనకట్టకై పోరాడిన కాటను తాను బర్మాయుద్ధమునకు బోయివచ్చిన సైనికోద్యోగియే యగుట గమనింపదగినది. ఆతని నీరు ఏలూరు కాలువలో నేటికిని బాఱుచున్నది.

అయినను వాద మింత సులభముగ ముగియదు. తాడేపల్లిగూడెము చెంత మాధవరమను గ్రామము కలదు. జనులు దానిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు. రెండు ప్రపంచయుద్ధములకును ఆ యూరివారు తరలిపోయిరి. తరతరములుగ అక్కడ కొలువనగా పట్టాళమే. అట్టి యింట బుట్టినవానికి రక్షణవ్యయము ఢిల్లీ పద్దులోని యంకె గాదు. అది నెలనెలకు వచ్చిన మనియార్డరు, పిదప పింఛను, క్యాంటీను సరకు, మిలిటరీ ఆసుపత్రి, పిల్లల చదువు. 2025-26 కేంద్రబడ్జెట్టులో రక్షణకు గేటాయించిన సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలలో 1.60 లక్షల కోట్లు పింఛనులకే నిర్ణయింపబడినవి. కావున తుపాకికి బెట్టిన ప్రతి రూపాయియు అన్నమునుండి తీసికొన్నదే యనువారు మాధవరపు వంటయిండ్లను జూడలేదు. ఆ యూరి శౌర్యమును నేను గౌరవింతును. కాని ఆ గౌరవములోనే నాకొక వేదన కలదు: నిబ్బరమైన వైద్యము, మాటతప్పని పింఛను, బిడ్డలకు చదువు, ఇవి ప్రాణమును పణముగ నొడ్డిన పిదపనే పల్లెటూరివానికి చేజిక్కుట యేమి ధర్మము? కొల్లేటిలో వల విసరు వడ్డివాడును, దెందులూరు పొలములలో నాట్లువేయు కూలిదియు అంతకన్న తక్కువ యేమి చేసిరి? దేశమునకు అన్నము పెట్టుటయు నొక రక్షణయే గదా యని వాదింపబోను. అట్టి వాదము మరల వారిని సైనికులుగ మార్చి కాని హక్కునీయదు. వారు జనులగుటయే చాలవలెను.

వైద్యము ప్రధానముగ రాష్ట్రముల బాధ్యత గనుక, అదే బడ్జెట్టులో కేంద్ర ఆరోగ్యశాఖకు గేటాయించిన సుమారు లక్ష కోట్లను మాత్రమే రక్షణపద్దు ప్రక్కనుంచి అఱచుట న్యాయము గాదు; రాష్ట్రముల పద్దులను గూడ గలిపి చూడవలెను. అంకెలకంటె నన్ను గలతపెట్టునది అడుగు తీరులోని భేదము. ఫిరంగి యెందుకని ప్రశ్నించినవాడు దేశద్రోహి యనిపించుకొనును. మంచినీటిబావి యెందుకో మాత్రము జనులే ఋజువులతో నర్జీలు పెట్టుకొనవలెను. 2020 డిసెంబరులో ఏలూరున కొన్ని దినములలోనే 600 మందికి పైగా జనులు మూర్ఛలతో నేలగూలిరి. రక్తమున సీసము, నికెలు గనబడినవని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు తెల్పినవి. ఆ విషమును సరిహద్దు దాటివచ్చిన విమానము చల్లియుండినచో, ఖర్చెంతయని యెవ్వరు నడుగకుండ ఆ సాయంకాలమే ద్రవ్యము మంజూరగును. ఊరిలోనే పుట్టినది గనుక విచారణసంఘమును వేసిరి.