తన కన్నును పరీక్షకు అప్పగించినవాడు

చదువుకొనవలసిన భాగములు: కీర్తన 139:23–24, మత్తయి 7:1–5, 1 కొరింథీ 13:9–12



అణువను మాట వినగానే మనలో అనేకులకు బాంబే జ్ఞాపకము వచ్చును. 1945 ఆగస్టు 6న జపానులోని హిరోషిమాపైనను, 9న నాగసాకిపైనను పడిన బాంబులు లోకమును వణికించెను. అయితే పరమాణువును గూర్చిన శాస్త్రము యుద్ధశాలలో పుట్టలేదు. పరమాణువుల బరువును లెక్కకు తెచ్చినవాడు ఒక పల్లెటూరి నేతపనివాని కుమారుడు. ఈ మాసము ఆయనను గూర్చి మీతో ముచ్చటింపగోరుచున్నాము. ఆయన జ్ఞానమునుండియు, ఆయన పట్టుదలనుండియు మన సంఘములు నేర్చుకొనవలసినది కలదు.

ఆయన పేరు జాన్ డాల్టన్. 1766లో ఇంగ్లాండు ఉత్తర భాగమందలి ఈగిల్స్‌ఫీల్డ్ అను పల్లెలో జన్మించెను. ఆయన కుటుంబము క్వేకరులను క్రైస్తవ సమాజమునకు చెందినది. పండ్రెండేండ్ల ప్రాయముననే ఆయన ఊరి పిల్లలకు బడి నడిపెను. ఆ దినములలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టములు ఆంగ్లికన్ సంఘమునకు వెలుపలివారికి దొరకకుండెను. గనుక ఎక్కువభాగము తనంతట తానే చదువుకొని, 1793లో మాంచెస్టరు పట్టణమునకు ఉపాధ్యాయుడుగా వెళ్లెను. 1787 మొదలు దినదినము వాతావరణమును పరిశీలించి పుస్తకములో వ్రాయుట ఆయన వాడుక. 57 సంవత్సరములు ఆ పని విడువలేదు. 1844 జూలైలో చనిపోవుటకు ముందటి దినమునను, ఆనాడు కురిసిన కొద్దిపాటి వానను వణకు చేతితో వ్రాసియుంచెను.

గాలిని గూర్చిన ఈ పరిశీలనయే ఆయనను పరమాణువునొద్దకు నడిపించెను. గాలిలో బరువైన వాయువులును తేలికైన వాయువులును ఉన్నవి గదా, బరువైనవి మడ్డివలె అడుగునకు దిగక ఎట్లు కలిసియున్నవి అని ఆయన ఆలోచించెను. వస్తువులన్నియు కంటికి కానరాని రేణువులతో కూడినవని పూర్వము గ్రీసు దేశమందు డెమోక్రిటసును, మన దేశమందు కణాదుడును చెప్పియుండిరి. వారు తలపోసిరి గాని తూచలేదు. డాల్టన్ తూకమును పట్టుకొనెను.

బొగ్గులోని మూలపదార్థము ఆక్సిజన్‌తో రెండు విధములుగా కలియును. నేటి లెక్కల ప్రకారము అది 12 పాళ్లుండగా, ఒక వాయువులో ఆక్సిజన్ 16 పాళ్లు, మరియొకదానిలో 32 పాళ్లు ఉండును. సరిగా రెండింతలు, నడుమ 20 గాని 25 గాని లేదు. మనము పాలు కొనునప్పుడు గిద్దెడైనను సోలెడైనను, ఆ రెంటి నడుమ ఎంతైనను పోయించుకొనవచ్చును. ఎడ్లనైతే ఒకటో రెండో కొనవలెను గాని ఒకటిన్నర ఎద్దు ఏ సంతలోను దొరకదు. ఆక్సిజన్ పాలవలె గాక ఎడ్లవలె లెక్కకు వచ్చుచున్నది. కాబట్టి అది విడివిడి రేణువులుగా నున్నదని డాల్టన్ తలంచెను. 1803లో హైడ్రోజన్‌ను ఒకటిగా ఎంచి, తక్కినవాటి బరువుల పట్టిక వ్రాసెను. 1808లో తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను.

ఇంత సూక్ష్మమును గ్రహించిన ఈ మనుష్యుని కంటికి ఒక లోపముండెను. ఇతరులకు వేరువేరుగా కనబడు ఎరుపును ఆకుపచ్చయును ఆయనకు ఇంచుమించు ఒక్కటే. ఆయన దానిని దాచుకొనలేదు. 1794లో పండితుల యెదుట చదివి వినిపించెను. తన కంటిలోని ద్రవము నీలముగా నుండుటచేత ఇట్లు జరుగుచున్నదని తలంచి, తాను చనిపోయిన తరువాత కన్నును కోసి చూడుడని చెప్పెను. వైద్యుడు చూడగా ఆ ద్రవము తేటగానే యుండెను! మిగిలిన కంటి భాగమును భద్రపరచిరి. 150 సంవత్సరముల తరువాత, 1995లో, శాస్త్రజ్ఞులు దాని డీఎన్‌ఏను పరీక్షించిరి. కంటి వెనుకటి పొరలో ఆకుపచ్చ కాంతిని గ్రహింపవలసిన పదార్థము ఆయనకు పుట్టుకతోనే లేదని తేలెను. లోపమున్న మాట నిజమే. అది ఆయన తలంచిన చోట లేదు.

ప్రియులారా, ఇక్కడ నిలిచి ఆలోచింతము. కన్నును పరీక్షకు అప్పగించిన ఈ వినయవంతుడే తన అభిప్రాయమును అప్పగింపలేకపోయెను. నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒక ఆక్సిజన్ చొప్పున ఉన్నవని ఆయన ఎంచెను. ఫ్రాన్సు దేశస్థుడైన గేలుస్సాక్, రెండు కొలతల హైడ్రోజన్‌తో ఒక కొలత ఆక్సిజన్ కలిసి నీరగుచున్నదని చూపగా, డాల్టన్ ఆ కొలతలనే సందేహించెను. 1811లో ఇటలీ దేశస్థుడైన అవొగాడ్రో సరియైన మార్గమును తెలిపెను. దానిని డాల్టన్ అంగీకరింపలేదు, తక్కిన పండితులలో అనేకులును లక్ష్యపెట్టలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్ సభలో కానిజారో దానిని మరల వినిపించువరకు అది మూలబడియుండెను. అప్పటికి అవొగాడ్రో మరణించి నాలుగేండ్లాయెను.

చచ్చిన కన్నును అప్పగించుట సులభము; బ్రదికియున్న అభిప్రాయమును అప్పగించుట కష్టము.

తరువాత ఏమి జరిగినది? పరమాణువు విభజింపరానిదని డాల్టన్ చెప్పగా, 1897లో థామ్సన్ దానికంటె మిక్కిలి చిన్నదియైన ఎలక్ట్రానును కనుగొనెను. 1911లో థామ్సన్ శిష్యుడైన రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యనున్న కేంద్రమును తెలిపి, గురువు వ్రాసిన చిత్రమును దిద్దెను. 1932లో రూథర్‌ఫర్డ్ శిష్యుడైన చాడ్విక్ న్యూట్రానును కనుగొనెను. దిద్దబడినందున శాస్త్రము కూలలేదు, పెరిగెను. అయితే పరమాణువు లోపలిని చూడనేర్చిన మనుష్యుడు తన లోపలిని చూచుకొననియెడల ఏమగునో హిరోషిమా చూపినది.

మన యెరుక కొంతమట్టుకేయని పౌలు అపొస్తలుడే ఒప్పుకొనెను. దావీదు తన హృదయమును పరిశోధింపుమని దేవుని వేడుకొనెను. మనమో? గట్టు తగవులో అన్న చూచినది అన్నకే పూర్ణసత్యము, తమ్ముడు చూచినది తమ్మునికే పూర్ణసత్యము. సంఘ కూటములో యౌవనస్థుడు నోరు తెరచిన, నీకేమి తెలియునని పెద్దలు కూర్చుండబెట్టుదురు. ఇంటిలో కోడలు చెప్పిన మంచిమాట, కోడలు చెప్పినదనియే త్రోసివేయబడును. సహోదరుని కంటిలోని నలుసును గూర్చి మాటలాడుటకు ముందు మన కన్నును చూచుకొనుమని ప్రభువు బోధించెను. మన లోపము మనము తలంచిన చోట ఉండకపోవచ్చును. ఇతరుల సహాయము లేక అది మనకు తెలియకపోవచ్చును.

కాబట్టి మేము మిమ్మును వేడుకొనునది ఒక్కటే. రాబోవు ప్రభు సంస్కారమునకు ముందు, మీతో భేదించిన ఒకరియొద్దకు వెళ్లి, “నేను చూడలేకపోయినది ఏది?” అని అడుగుడి. అడిగి, వారు చెప్పి ముగించువరకు వినుడి. యాభై యేండ్లు ఆలస్యము చేయకుడి.

కానరాని రేణువులను సృజించిన దేవుడు మన కానరాని హృదయములను వెలిగించునుగాక. ఆమేన్.