తలుపు తట్టని రాత్రి

తెల్లవారుజామున గోదావరి గట్టు మీద కూర్చున్న మనిషిని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. రేవు మెట్ల మీదికి నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి. ఈపాటి ఏకాంతం ఎంత విలువైనదో, అది ఉన్నన్నాళ్లూ తెలియదేమో.

ఈ రాజమండ్రిలోనే 1902లో కోకా సుబ్బారావు పుట్టారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసులో వకీలై, కొన్నాళ్లు బాపట్లలో మున్సిఫుగా చేసి, 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు వింటే లాయర్లకు గోలక్‌నాథ్ తీర్పు గుర్తొస్తుంది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు సైతం లేదన్న తీర్పు అది. నా మనసు మాత్రం అంతకు ముందరి ఖరక్ సింగ్ కేసు దగ్గరే ఆగుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్‌ని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కేసు పోయింది గానీ అనుమానం పోలేదు. రాత్రివేళ పోలీసులొచ్చి తలుపు తడుతున్నారనీ, కేకలేసి నిద్ర లేపుతున్నారనీ ఆయన మొర.

1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టేసింది. మిగతా నిఘాను ఉండనిచ్చింది. గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. ఆరుగురు న్యాయమూర్తుల్లో సుబ్బారావు, షా ఒప్పుకోలేదు. సంకెళ్లు లేకపోయినా, అడుగడుగునా ఎవరో కనిపెడుతున్నారని తెలిసినవాడు స్వేచ్ఛగా ఎలా తిరుగుతాడు? కావాలని ఒకరి ఏకాంతంలో జొరబడటాన్ని మించి మనిషి సుఖానికీ ఆరోగ్యానికీ చేటు లేదని సుబ్బారావు భావించారు.

రాజ్యాంగం గురించి రాస్తూ ఒక మనిషి సుఖం దగ్గర ఆగడం నన్ను కదిలిస్తుంది. కంటినిండా నిద్ర, గడియ వేసుకున్న ఇల్లు, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు. తృప్తి అంటే చాలామందికి ఇంతే కదా. ఇంత చిన్నవాటి మీద చూపు నిలపడం చదువుతో వస్తుందా, స్వభావంతోనా?

మరొకటి. నలుగురు కాదన్నాక, తన మాట చెల్లదని తెలిసీ అంత శ్రద్ధగా ఎలా రాయగలిగారు? గెలుపోటములు పట్టని మనిషి అందామా అంటే, రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి 1967లో పదవీ విరమణకు మూడు నెలల ముందే రాజీనామా చేశారు. ఓడిపోయారు. గెలవాలన్న కోరికా, ఓడే మాటనైనా పూర్తిగా చెప్పాలన్న పట్టుదలా ఒకే మనిషిలో ఉండొచ్చేమో.

1976లో ఆయన కన్నుమూశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఖరక్ సింగ్ కేసులో నిలిచింది సుబ్బారావు మాటే.