ఓడినవాడికి కనబడాల్సిన లెక్క

ఎన్నికలో గెలిచినవాడికి రుజువు అక్కర్లేదు, ఓడినవాడికే కావాలి. ఓట్ల లెక్కింపు అనే ఏర్పాటంతా ప్రధానంగా అతని కోసమే. ఊళ్లో ఇది మరీ నిజం. సర్పంచ్ పదవికి పోటీపడ్డ ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు, పెళ్లిళ్లలోనూ చావుల దగ్గరా ఎదురుపడతారు. తేడా పది ఓట్లు ఉండొచ్చు, ఒక్కోసారి ఒక్కటే. ఆ ఫలితం మీద ఓడినవాడికి నమ్మకం కుదరకపోతే కక్ష ఐదేళ్లూ రగులుతుంది. అందుకే ఈవీఎంలా బ్యాలెట్ పేపర్లా అన్న వాదనను, యంత్రాన్ని హ్యాక్ చేయగలరా లేదా అన్న దగ్గరే ఆపేయడం సరికాదు. యంత్రం పూర్తి నిజాయితీగా పనిచేస్తుందనే అనుకుందాం. అప్పుడూ ఒక ప్రశ్న మిగులుతుంది: లెక్క సరిగ్గా ఉంటే చాలా, సరిగ్గా ఉందని సామాన్యుడికి తెలియాలా? తెలియడమంటే ఏమిటన్నది మన తార్కికులు శతాబ్దాలపాటు చర్చించిన విషయం.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో లెక్కింపు ఇప్పటికీ ప్రత్యక్షం మీదే నడుస్తోంది. పోలింగ్ అయిన రోజే పెట్టెలు తెరుస్తారు. సర్పంచ్‌కు వేసిన గులాబీ కాగితాలనూ, వార్డు సభ్యుడికి వేసిన తెల్ల కాగితాలనూ వేరుచేసి 25 చొప్పున కట్టలు కడతారు. తర్వాత ఒక్కో కాగితం విప్పి, స్వస్తిక్ ముద్ర ఏ గుర్తు మీద పడిందో ఏజెంట్లకు చూపిస్తారు. ముద్ర రెండు గుర్తుల నడుమ గీత మీద పడితే వాదన అక్కడే మొదలవుతుంది, అక్కడే తేలుతుంది. అక్షరం రాని ఏజెంటు కూడా ఉంగరాన్నీ కత్తెరనూ పోల్చుకోగలడు. ఈవీఎం లెక్కింపులో ఏజెంట్లు చూసేవి సీళ్లు, సీరియల్ నంబర్లు, రిజల్ట్ మీట నొక్కాక తెర మీద వెలిగే అంకెలు. ఓటరు నొక్కిన మీటకూ ఆ అంకెకూ మధ్య ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. అక్కడ మనకున్నది తయారుచేసిన సంస్థ మాట, తనిఖీ చేసిన ఇంజినీరు మాట, ఎన్నికల సంఘం మాట. అవన్నీ ఆప్తవాక్యాలే కావచ్చు. కానీ కళ్లతో చూసే వీలున్న చోట చూపు మానేసి మాట మీద ఎందుకు ఆధారపడాలి?

మాటను నమ్మకుండా బతకలేం కదా అంటారు. డాక్టరు మాట మీద మందు మింగుతాం, పైలట్ మీద భారం వేసి విమానం ఎక్కుతాం. మీమాంసకుల స్వతఃప్రామాణ్య వాదం ఈ వైపే నిలుస్తుంది: ఏ జ్ఞానమైనా తనంతట తానే ప్రమాణం, దాన్ని కొట్టిపారేసే కారణం కనబడేదాకా నమ్మాల్సిందే. ఓటు ఎవరికి పడిందో ఓటరుకు కాగితం మీద చూపే వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కించాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆధారం లేకుండా వ్యవస్థను శంకించరాదన్న ఆ తీర్పు ధోరణి దాదాపు ఇదే. నైయాయికులు దీనికి ఒప్పుకోరు. జ్ఞానం నిజమో కాదో దాని వెలుపల తేలాలంటారు వాళ్లు. దూరాన కనబడ్డవి నీళ్లో ఎండమావులో తెలిసేది దాహం తీరినప్పుడే. మందు విషయంలో మనకీ పరీక్ష దొరుకుతుంది, జ్వరం తగ్గుతుంది. విమానం క్షేమంగా దిగుతుంది. ఓటుకు ఆ వీలు లేదు. నువ్వెవరికి వేశావని తర్వాత ఎవర్నీ అడగలేం, అడగకూడదు కూడా. గెలిచిన సర్పంచ్ ఊరికి ఎంత మేలు చేసినా అది లెక్క సరైనదనడానికి రుజువు కాదు. ఫలం చూసి వెనక్కి సరిచూసుకునే దారిని ఓటు రహస్యం మూసేసింది. కాబట్టి సరిచూడటమేదో లెక్కించే వేళే, అందరి కళ్లముందే జరగాలి. నా వాదనకు ఆయువుపట్టు ఇదే.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చి 3న ఇచ్చిన తీర్పు వేరే దారిలో ఇక్కడికే చేరింది. 2005 పార్లమెంటు ఎన్నికల్లో వాడిన యంత్రాల్లో మోసం జరిగిందని అది అనలేదు, ఫలితాన్నీ రద్దు చేయలేదు. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు కూడా ఎన్నికలోని ముఖ్య దశలను సరిచూసుకోగలగాలి, ఆ యంత్రాలతో అది కుదరదు అంది. ఇది ఊహాలోకపు పట్టుదల కాదని బెల్జియం అనుభవం చెబుతుంది. 2003 మేలో షార్‌బేక్ మునిసిపాలిటీలో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. ఎవరూ మోసం చేయలేదు. కంప్యూటర్ మెమరీలో ఒకే ఒక్క బిట్ దానంతటదే మారి ఉంటుందన్నది నిపుణుల అంచనా. ఆమెకు రావడానికి వీలున్నన్ని ఓట్ల కన్నా ఎక్కువ రావడం వల్లే అది బయటపడింది. అదే తప్పు 64 ఓట్ల విలువున్న బిట్‌లో జరిగి ఉంటే బహుశా ఎవరి కంటా పడేది కాదు. మన ఊళ్లలో సర్పంచ్‌ను తేల్చడానికి 64 ఓట్లు చాలా ఎక్కువ.

కాగితానికి మోసం అంటదని నేననను. బూత్ ఆక్రమణలు, పెట్టెల్లో సిరా పోయడాలు, గబగబా వందల ఓట్లు గుద్దేయడాలు మన రాష్ట్రాలు చూసినవే. ఈవీఎం నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి తీసుకోదు. ఆ మేలు కొట్టిపారేయలేనిది. కానీ కాగితం మీద మోసం ఎలా పట్టుబడుతుందో చండీగఢ్ మేయర్ ఎన్నిక చూపింది. 2024 జనవరి 30న ప్రిసైడింగ్ అధికారి ఎనిమిది బ్యాలెట్లు చెల్లవని ప్రకటించి ఫలితాన్ని తారుమారు చేశాడు. ఆ కాగితాలు సుప్రీంకోర్టు ముందుకొచ్చాయి. న్యాయమూర్తులు వాటిని చేతుల్లోకి తీసుకుని చూశారు. గీతలు గీసింది ఆ అధికారేనని, ఎనిమిదీ ఆ లెక్కలో ఓడిన కుల్దీప్ కుమార్‌కు పడ్డ ఓట్లేనని తేల్చి, ఫిబ్రవరి 20న ఆయనే మేయర్ అని ప్రకటించారు. ఆ అధికారిని మొదట పట్టించింది కెమెరా, అంటే యంత్రమే. అయితే ఆ కెమెరా అందరూ చూసి తేల్చుకోగలిగిన దృశ్యాన్నిచ్చింది. యంత్రం మన చూపుకు తోడైతే నాకు అభ్యంతరమేమీ లేదు.

వీవీప్యాట్ వచ్చాక ఈ గొడవ ఎందుకంటారు. ఏడు సెకన్లు కనబడే ఆ స్లిప్పు మంచి ఏర్పాటే. కానీ శాసనసభ నియోజకవర్గానికి ఐదు బూత్‌ల స్లిప్పులే లెక్కిస్తారు. స్థానిక ఎన్నికల్లో అసలది ఉంటుందన్న హామీయే లేదు. 2025లో మహారాష్ట్ర వాటిని వాడటం లేదని చెప్పేసింది. ఓడినవాడి అనుమానానికి అంతుండదన్న మాటకు మాత్రం జవాబు చెప్పాలి. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో శంకకు హద్దు గీశాడు: మనిషి తన నడవడికతోనే పొసగని శంక పెట్టుకోకూడదు. తన ఏజెంటు ఒక్కో కాగితం చూసి ఒప్పుకున్నాక మళ్లీ శంకించేవాడు ఆ హద్దు దాటినట్టే. కట్టలు విప్పి మళ్లీ లెక్కించడం మరోసారి చూడటమే. రిజల్ట్ మీట మళ్లీ నొక్కితే అదే మాట రెండోసారి వినబడుతుంది, అంతే. ఆ మాత్రానికి శంక తీరాలని ఎవరిని అడగగలం?

చెల్లని ఓట్ల అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ముద్ర సరిగా వేయలేక ఓటు పోగొట్టుకునేది ఎక్కువగా ముసలివాళ్లు, చదువు లేనివాళ్లు. ఈవీఎంలో ఆ నష్టం లేదు. ఈ నష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోను; గుర్తుల మధ్య ఎడం పెంచి, ముద్ర ఎలా వేయాలో ముందే ఊరూరా చూపించి దాన్ని తగ్గించాల్సిందే. అయితే ఈ నష్టం కంటికి కనబడుతుంది, అధికారి పొరపాటైతే దిద్దనూ వచ్చు. 2020 డిసెంబరులో హైదరాబాద్ నగరపాలక ఎన్నికలు కాగితం మీదే జరిగాయి. నేరేడ్‌మెట్ డివిజన్‌లో స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర పడ్డ ఓట్లు ఆధిక్యం కన్నా ఎక్కువ ఉండటంతో ఫలితం ఆపేశారు. తప్పు ముద్ర ఇచ్చింది పోలింగ్ సిబ్బంది, ఓటర్లు కాదు. కొద్ది రోజులకు హైకోర్టు అనుమతితో ఆ ఓట్లూ లెక్కించి ఫలితం ప్రకటించారు. ఆ వివాదం ఏమిటో అర్థం చేసుకోవడానికి ఎవరికీ ఇంజినీరింగ్ చదువు అవసరం కాలేదు.