కొత్త బండి, దొంగ చప్పుడు

కొత్త బండి కొన్నావు, నిమ్మకాయలు తొక్కించావు, అద్దం మీద అమ్మ పేరు రాయించావు. అన్నీ బాగానే చేశావు బిడ్డా. మరి బండి అడుగున టక్కుమంటుంటే పాట సౌండ్ పెంచుతావేంది? పాట పెడితే చప్పుడు నీకు వినపడదు గానీ, పోదు కదా.

తీరిక లేదంటావు, నాకు తెలుసు. ఉస్మాన్‌గంజ్‌లో సేట్లు షట్టర్లు లేపారంటే చాలు, హమాలీలకు తొందర, ట్రాలీలకు తొందర, తోపుడుబండికీ తొందరే. పెద్ద లారీలను పగలు ఊళ్లో తిరగనివ్వరు కాబట్టి పప్పు బస్తా అయినా, నూనె డబ్బా అయినా మీ చిన్న బండ్ల మీదే కదలాలి. ఒక ట్రిప్పు పోయిందంటే నెల కిస్తీకి గండి. అందుకే టక్కుమన్నప్పుడు "సాయంత్రం చూద్దాంలే" అంటావు. సాయంత్రానికి అది ఆగుతుంది. "తగ్గిపోయింది" అని పడుకుంటావు. తగ్గలేదు నాయనా. ఎప్పుడొస్తుందో నువ్వు పట్టుకోలేదు, అంతే.

వచ్చిపోయే చప్పుడుతో తంటా ఇదే. షోరూంకు తీసుకుపోతే ఖాళీ బండిని ఒక చుట్టు తిప్పి, "కొత్త బండి కదా, సెట్ అవుతుంది" అంటారు. తలూపి వస్తావు. లోడేసుకుని మొజంజాహీ మార్కెట్ వైపు మలుపు తిరగ్గానే మళ్లీ టక్. మన గంజ్‌లో కందిపప్పు కొనేవాడు బస్తా మూతి దగ్గరి గింజ చూసి డబ్బులిస్తాడా? గొట్టం గుచ్చి లోపలిది తీసి చూస్తాడు. బండినీ అట్లాగే చూడాలి.

అందుకే రాసుకో. బిల్లు వెనకైనా సరే, రాసుకో. లోడుందా, ఖాళీయా? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ఇంజను వేడెక్కినాకా? గుంతలోనా, మలుపులోనా? బ్రేకు తొక్కితే ఆగిందా, పెరిగిందా? పక్కనున్నవాడికి ఫోనిచ్చి రికార్డు చేయించు. నువ్వు మాత్రం స్టీరింగు వదిలి ఫోన్ పట్టుకోకు, చెబుతున్నా.

రాసుకుంటే సగం జవాబు నీకే దొరుకుతుంది. ఖాళీ బండి గుంతలో పడ్డప్పుడే గలగలమంటే ముందు నీ సామాను చూసుకో: సీటు వెనక జాకీ, కింద వేలాడే స్టెప్నీ, వెనక తలుపు గొలుసులు. బస్తాలెక్కినాక కిర్రుమంటే కమాన్‌కట్టల వైపు చూపించు. కొత్త కట్టలు మొదటి లోడ్లకు సర్దుకుంటాయి, వాటిని పట్టి ఉంచే యూ-బోల్టులు అప్పుడు వదులవుతాయి, మళ్లీ బిగించాలి. నువ్వేమో మొదటి సర్వీసే వాయిదా వేస్తున్నావు! క్లచ్ వదిలేటప్పుడు నడుము కింద ఠక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు కావచ్చు. స్పీడుతో పాటు పెరిగే మోత బేరింగుది కావచ్చు.

భయపడనక్కర్లేనివీ ఉన్నాయి. వాన పడ్డ మర్నాడు మొదటి రెండు బ్రేకులకు కీచుమని ఆగితే, అది డిస్కు మీద పట్టిన సన్నటి తుప్పు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 డీజిల్ బండ్లలో సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరుంటుంది. ఆ మసిని కాల్చుకునేటప్పుడు బండి నిలబడి ఉన్నా ఇంజను రేసు పెరుగుతుంది, ఫ్యాను హోరుమంటుంది. గల్లీల్లో ఆగుతూ పాకుతూ పోయే మీ బండ్లకు మసి నిండేది ఎక్కువ. కంగారుపడి మధ్యలో ఇంజను ఆపేయకు.

కానీ స్టీరింగు తిప్పితే వచ్చేది, బ్రేకు తొక్కితే వచ్చేది, చక్రం దగ్గర నుంచి వచ్చేది, ఈ మూడింటితో ఆటలొద్దు. చక్రాల నట్లు చూపించేదాకా ఆ రోజు లోడెత్తకు. నీ పక్కన హమాలీ కూర్చుంటాడు. అతనికీ ఇల్లుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ఆర్సీలో మొత్తం బరువు ఎంతో, ఖాళీ బండి బరువెంతో రాసుంటుంది. ఆ తేడాలోనే నీ సరుకు, నువ్వు, హమాలీ, నువ్వు తర్వాత కొట్టించిన ఇనుప కమ్మీలు, అన్నీ సరిపోవాలి. టన్నున్నర అంటే 50 కిలోల బస్తాలు 30, మనుషుల్ని లెక్కెయ్యకుండానే. "ఇంకో నాలుగే కదా" అని సేటు అంటాడు. ఆయన బండి కాదుగా!

గల్లీ మిస్త్రీ పనిమంతుడే, కాదనను. వారంటీలో ఉన్న బండిని మాత్రం విప్పనివ్వకు. రాణిగంజ్‌లో చవగ్గా దొరికిందని వేరే బుష్షు వేయించకు, కొత్త హారన్ కోసం వైర్లు కోయించకు. సర్వీసు సెంటర్లో మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, లోడుతో, చప్పుడొచ్చే దారిలోనే తిప్పు. ఆ పూట రాకపోయినా సరే, ఫిర్యాదును జాబ్ కార్డు మీద నీ మాటల్లోనే రాయించి కాపీ తెచ్చుకో. నోటిమాటగా చెప్పింది వారంటీ తీరినాక ఎవరికీ గుర్తుండదు.

అప్పటికీ వినకపోతే అరవకు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, దానికి ఫోన్ చెయ్యి. సరుకుల బండికి వినియోగదారుల చట్టం వర్తించదని ఎవరైనా అంటే నమ్మకు. బతుకుదెరువు కోసం కొని సొంతంగా నడుపుకునేది వ్యాపారం లెక్కలోకి రాదని 2019 చట్టంలోనే ఉంది. ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. అక్కడా కాగితమే అడుగుతారు.

ఇంట్లో చెప్పావా మరి? అమ్మ గాజులు కుదువ పెట్టి డౌన్ పేమెంట్ కట్టింది, వింటే బాధపడుతుందని దాస్తున్నావు. చెప్పు. బండి ఆగినాక తెలిస్తే ఇంకా బాధపడుతుంది. ఒకరోజు నాన్నను పక్కన కూర్చోబెట్టుకో. నీ చెవి హారన్ల మీద ఉంటుంది, ఆయన బండి మీద పెడతాడు.

రేపు మొదటి ట్రిప్పు వదిలేసి సర్వీసుకు పో. సేటు ఏమైనా అంటే నేను చెప్పుకుంటాలే.