కొలబద్దే వంకరైతే?

ఇతరుల తప్పులు మనకు ఇట్టే కనిపిస్తాయి. మన తప్పు మాత్రం ఎందుకు కనిపించదు? ‘నా ఉద్దేశం మంచిదే కదా’ అనుకుంటే సరిపోతుందా?

1990 ఏప్రిల్ 24న అమెరికా హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపింది. 2.4 మీటర్ల వెడల్పుగల దాని అద్దాన్ని ఎంతో శ్రద్ధగా సానబెట్టారు. కాని అది పంపిన చిత్రాలు మసకగా వచ్చాయి. అద్దం అంచు ఉండవలసిన దానికంటే సుమారు 2 మైక్రాన్లు చదునుగా ఉంది. అంటే తలవెంట్రుక మందంలో దాదాపు యాభయ్యో వంతు!

ఇది సోమరితనం వల్ల జరగలేదు. అద్దం వంపును పరీక్షించే పరికరంలోనే ఒక కటకం 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరింది. కొలతే తప్పయినప్పుడు, ఎంత శ్రద్ధగా అరగదీస్తే అంత కచ్చితంగా తప్పు తయారైంది. ఇంకా విచారకరమైన సంగతేమిటంటే, మరో రెండు పరికరాలు ఆ లోపాన్ని ముందే చూపాయి. అయినా మొదటిదే అన్నిటికంటే మేలైనదని నమ్మి, వాటి సాక్ష్యాన్ని పక్కనబెట్టారు.

మనం చేసేదీ ఇదే కాదా? నలుగురి మెప్పును, వంశాచారాన్ని, స్వలాభాన్ని కొలబద్దగా పెట్టుకుంటాం. ఇంట్లో ఇల్లాలో, మన దగ్గర పనిచేసే మనిషో ‘మీరు చేసింది అన్యాయం’ అంటే, ‘నీకేం తెలుసు’ అని నోరు మూయిస్తాం. చిత్తశుద్ధి అవసరమే. కాని కొలబద్దను సరిచూసుకోని చిత్తశుద్ధి తప్పును మరింత గట్టిపరుస్తుంది.

మరి దిద్దుబాటు ఎలా? లోపాన్ని విచారించి, 1990 నవంబరులో నివేదికను బయటపెట్టారు. తప్పు ఎంతో సరిగ్గా తెలిసింది గనుకనే మందు దొరికింది. 1993 డిసెంబరులో ఎండీవర్ నౌకలో ఏడుగురు వెళ్ళి, అయిదుసార్లు నౌక వెలుపలికొచ్చి పనిచేశారు. పాత అద్దాన్ని మార్చలేదు. దాని లోపానికి సరిగ్గా వ్యతిరేకమైన వంపుగల చిన్న అద్దాలను, ఆ లోపాన్ని సరిచేసే కొత్త కెమెరాను అమర్చారు. చిత్రాలు స్పష్టమయ్యాయి. ఆ తర్వాత కూడా 1997, 1999, 2002, 2009లలో మరమ్మతులు జరిగాయి.

పోయిన కాలం తిరిగి రాదు. అయినా లోపమున్నది పనికిరానిదై పోలేదు. ‘ఏదో పొరపాటు జరిగిందిలే’ అనే మాటతో ఏదీ బాగుపడదు. ఎవరికి, ఎంత అన్యాయం చేశామో లెక్కగట్టి, అంతా తీర్చాలి.

ఈ రోజు మనం ఎవరి సాక్ష్యాన్ని పక్కనబెట్టాం? ఒక్కసారి ఆలోచిద్దాం.