త్యాగమూర్తి అనే ముందు

చనిపోయిన ఆడవాళ్ళ గురించి చెప్పడానికి మనకున్న మాటలు చాలా తక్కువ. త్యాగమూర్తి, సహనశీలి, ప్రేమమయి, ఆదర్శ గృహిణి. దినపత్రికల్లో సంతాప ప్రకటనలు చూడండి. ఫోటో కింద పేరు మారుతుంది గానీ మాటలు మారవు. అరవై ఏడేళ్ళ బతుకుని ఒక్క సుగుణంలోకి కుదించడం ఆ మనిషిని గౌరవించడమేనా? అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

అమ్మ 1974లో పెళ్ళయి అమీర్‌పేటకి వచ్చింది. రెండు గదుల అద్దె ఇల్లు, ముగ్గురు పిల్లలం, పక్షవాతంతో మంచం పట్టిన నాయనమ్మ. తొంభైల చివర్లో మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసి, జిల్లాల నుంచి కుర్రాళ్ళు దిగడం మొదలయ్యాక అమ్మ వాళ్ళకి భోజనం క్యారియర్లు కట్టింది. పదిమందితో మొదలై ముప్ఫై మంది దాకా అయ్యారు. నాలుగింటికే లేచేది. తమ్ముడి కోర్సు ఫీజు, అమెరికా ప్రయాణం ఖర్చు ఆ క్యారియర్ల డబ్బే. అయినా ఇంట్లో ఎవరూ దాన్ని ఉద్యోగం అనలేదు. “ఏదో తోచక చేస్తోంది” అనేవారు నాన్న. ఆ తర్వాత తమ్ముడి మొదటి బిడ్డకోసారి, చెల్లెలి కాన్పుకోసారి ఆరేసి నెలలు అమెరికా వెళ్ళి పురుళ్ళు పోసి వచ్చింది.

ఇలాంటి అమ్మలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2024 సర్వే నాటికి ఆడవాళ్ళ లెక్క 289 అయింది. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు! మరి ఈ పనికి విలువ కట్టిందెక్కడ? 1989 జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల సేవలకి 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు నెలకి 3,000 రూపాయలు లెక్కగట్టింది. 2010లో, రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక గృహిణి కేసులో, జనాభా లెక్కలు గృహిణుల్ని భిక్షగాళ్ళ, ఖైదీల సరసన చేర్చడాన్ని తప్పుపట్టింది. రెండు తీర్పులూ మంచివే. కానీ రెండింటిలోనూ ఆమె శ్రమకి ధర తెలియడానికి ముందు ఆమె చనిపోవాల్సి వచ్చింది.

అలాగని అమ్మని బాధితురాలిగా రాసేస్తే సరిపోతుందా? మనలాంటి వాళ్ళకి అది సులువైన దారి. మనవరాలికి ఫోన్లో పొడుపుకథలు వేసి, ఆ పిల్ల తప్పు చెప్తే పగలబడి నవ్వే అమ్మ సంతోషాన్ని పితృస్వామ్యం నేర్పిన భ్రమ అని నేను అనలేను. త్యాగమూర్తి అన్నా, బాధితురాలు అన్నా మాయమయ్యేది ఆమె ఇష్టాయిష్టాలే.

2012లో తమ్ముడికి రెండో బిడ్డ పుట్టబోతుంటే అమ్మ “నేను రాను” అంది. మోకాళ్ళ నొప్పులనో, వీసా అనో సాకు చెప్పొచ్చు. చెప్పలేదు. “నాకిష్టంగా లేదురా. డబ్బు పంపిస్తా, మనిషిని పెట్టుకోండి” అంది. బంధువులు నెలల తరబడి గుసగుసలాడారు. ఆ ఏడాది సాయంత్రాలు పక్కింటావిడతో కలిసి పంజగుట్ట ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడికి వెళ్ళేది. దేవుడికన్నా కబుర్లే ఎక్కువని తనే చెప్పేది.

పంజగుట్ట శ్మశానంలో దహనం అయ్యాక, పదోరోజున మాట్లాడినవాళ్ళంతా ఆ రెండు పురుళ్ళ గురించే చెప్పారు. ‘రాను’ అన్న మాటని ఒక్కరూ తలవలేదు. నాకు మాత్రం ఆ మాటే ముఖ్యమనిపిస్తుంది. వద్దనగలిగిన మనిషి చేసినదాన్నే ప్రేమ అనగలం. వద్దనే వీలు లేని చోట జరిగేది చాకిరీ. దానికి ప్రేమ అని పేరు పెడితే లాభం చేయించుకున్నవాళ్ళకే. అమ్మ జీవితంలో రెండూ ఉన్నాయి. పద్ధెనిమిదేళ్ళ కోడలిగా నాయనమ్మ పక్కబట్టలు ఉతికినప్పుడు ఆమెని ఎవరూ అడగలేదు. అయినా నాయనమ్మ పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అమ్మే. ఏది ప్రేమ, ఏది చాకిరీ అని ఇప్పుడు గీత గీయడం నావల్ల కాదు. గీయగలిగింది ఆమె ఒక్కతే.

అందుకే అడగడం అవసరం. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చేసిన గొప్ప పని అదే. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలని అడిగింది, వాళ్ళ మాటల్లోనే చెప్పనిచ్చింది. ఉద్యమంకోసం బిడ్డల్ని వదులుకోవాల్సి వచ్చిన తల్లుల బాధ కూడా అలాగే మనదాకా వచ్చింది. చరిత్రలోకి ఎక్కని వంటింటి ఆడవాళ్ళనీ అలాగే అడగాలి కదా?

అమ్మ క్యారియర్ల లెక్కల పుస్తకం నా దగ్గరుంది. కుర్రాళ్ళ పేర్లు, బాకీలు, గ్యాసు, బియ్యం. ప్రతినెలా చివర్న ‘నాది’ అని రాసి, కొద్దిపాటి అంకె. తనకంటూ ఏమీ అడగని తల్లి అని మేం చెప్పుకుంటున్న మనిషి, నెలనెలా తన వాటా తీసి పక్కన పెట్టుకుంది. బతికున్న అమ్మల్ని, అమ్మమ్మల్ని ఏమేం చేశారో మనం ఎలాగూ అడుగుతాం. ఏం వద్దనుకున్నారో, ఏది తమకోసం దాచుకున్నారో కూడా అడుగుదాం.